బ్రదర్ వినీత్ నొక్కని ఆమెన్

తెర మీద రెండో చరణం ఉంది. మైకులో మూడో చరణం వినిపిస్తోంది. అమెరికాలోని ట్రాయ్ ఊరి తెలుగు క్రైస్తవ సంఘం ఏం చేయాలో తోచక పాట మధ్యలోనే రెండుగా చీలిపోయింది.

చీలడం ఆ సంఘానికి కొత్తేమీ కాదు. తబలా ఉండాలా డ్రమ్స్ ఉండాలా అన్న సంగతి మీద ఒకసారి, ఆరాధన అయ్యాక బిర్యానీ ముందు పిల్లలకు వడ్డించాలా పెద్దలకా అన్న సంగతి మీద ఇంకోసారి చీలి, వెళ్లేవాళ్లు వెళ్లిపోగా మిగిలినవాళ్లే వీళ్లంతా. కానీ పాట నడుస్తుండగా చీలడం మాత్రం ఎన్నడూ లేదు. అమెరికా వచ్చినా మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క కూర్చునే అలవాటు పోలేదు. మగవాళ్లు తెరను నమ్ముకున్నారు, ఆడవాళ్లు మైకును నమ్ముకున్నారు. ఎవరికి వాళ్లు గొంతు పెంచారు.

ప్రొజెక్టర్ దగ్గర కూర్చున్న వినీత్‌కి ముచ్చెమటలు పోశాయి. అతను కార్ల విడిభాగాల కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. సంఘంలో సగం మందిది ఆ ఉద్యోగమే అయినా కంప్యూటర్ పని మాత్రం అతని నెత్తినే పెట్టారు. మిగతావాళ్లకి పెళ్లిళ్లయిపోయాయి మరి. పెళ్లికానివాడికి బోలెడంత ఖాళీ ఉంటుందని, ఆ ఖాళీ అంతా దేవుడి సొత్తని సంఘానికి గట్టి నమ్మకం.

మైకు దగ్గరున్న అమ్మాయి కొత్త. పేరు దేదీప్య. ఎమ్మెస్ చదవడానికి ఒంగోలు నుంచి వచ్చి పిన్ని జ్ఞానప్రసూన ఇంట్లో ఉంటోంది. ఆ పిల్ల తెర వంక చూడనేలేదు. కళ్లు మూసుకుని తన చరణం తాను పాడుకుంటూ పోయింది. ఆ గొంతు ముందు మగవాళ్లు ఒక్కొక్కరే నోరు మూసుకున్నారు. చివరికి రెండో చరణం పాడుతున్నది సంఘపెద్ద బ్రహ్మయ్య గారొక్కరే. ఆయనకి చెవి కాస్త మందం.

ఆరాధన కాగానే అంతా కింద బేస్‌మెంట్‌కి దిగారు. ఆ చర్చి అమెరికన్లది. ఆదివారం మధ్యాహ్నాలు వీళ్లకి అద్దెకిస్తారు. ఘాటు వాసనల వంటలు వద్దని గోడ మీద ఒక నోటీసు ఉంటుంది. దాని కిందే బిర్యానీ గిన్నె పెట్టుకోవడం మనవాళ్ల ఆనవాయితీ. వినీత్ ప్లేటు పట్టుకుని ఓ మూల చేరాడో లేదో, దేదీప్య ఎదురుగా వచ్చి నిలబడింది.

"బ్రదర్, స్లైడ్లు మీరేనా చేసేది?"

"నేనేనండి."

"ఆ రెండో చరణం ఎవరూ పాడరు. మా ఒంగోల్లో అసలే పాడరు."

"పాటల పుస్తకంలో ఉందండి."

"పుస్తకంలో ఉన్నవన్నీ పాడితే ఆరాధన అయ్యేసరికి సాయంత్రం అవుతుంది. ఈ బిర్యానీ ఎవరు తింటారు?"

వినీత్ ఆ మాట సరిగ్గా వినలేదు. ఆమె ముక్కు కొన మీద ఇంత మసాలా అంటుకుని ఉంది. చెప్తే బాగుండదేమో, చెప్పకపోతే ఇంకా బాగుండదేమో అన్న మీమాంసలో పడి ఆ ముక్కునే చూస్తూ ఉండిపోయాడు. ఆమె కూడా కాసేపు చూసి, ఈ బ్రదర్‌కి మాటలు రావని తేల్చుకుంది. ఇకనుంచి స్లైడ్లు తనకి చూపించాకే తెర మీద వెయ్యాలని హుకుం జారీ చేసి వెళ్లిపోయింది.

అలా మొదలైంది. శనివారం మధ్యాహ్నాలు వినీత్ లాప్‌టాప్ సంకన పెట్టుకుని జ్ఞానప్రసూన ఇంటికి వెళ్లేవాడు. డైనింగ్ టేబుల్ దగ్గర ఈ పక్కన అతను, ఆ పక్కన దేదీప్య, మధ్యలో చిక్కుడుకాయలు వలుస్తూ పిన్ని. జ్ఞానప్రసూన ఆసుపత్రిలో నర్సు. మనిషి ముఖం చూసి బీపీ ఎంతుందో చెప్పగలదు. అయితే తన టేబుల్ దగ్గరే కూర్చున్న కుర్రాడి గుండె ఎలా కొట్టుకుంటోందో మాత్రం ఆవిడకి ఆనలేదు. పాటల్లో తప్పులు దిద్దడానికి గంట చాలు. అయినా కిటికీ బయట వాన మొదలై, ఆగి, మళ్లీ మొదలయ్యేదాకా ఆ పని తెమిలేది కాదు. వినీత్ కావాలనే తప్పులు టైప్ చేసుకొస్తున్నాడని దేదీప్య మూడో శనివారానికే కనిపెట్టింది. కనిపెట్టి ఊరుకుంది.

అతనికి ఆ అమ్మాయంటే ప్రాణం. ఆ ముక్క మాత్రం నోటి వెంట రాదు. ఎందుకొస్తుంది? నోరు తెరిస్తే ముందు 'సిస్టర్' అనాలి. సంఘంలో పెళ్లికాని అబ్బాయి పెళ్లికాని అమ్మాయిని పిలవడానికి ఇంకో మాట లేదు. వారానికోసారి, అందరి ఎదుటా, ప్రాణంలో ప్రాణం అనుకున్న పిల్లని సిస్టర్ సిస్టర్ అని పిలుస్తూ బతకడం ఎంత నరకమో అనుభవించినవాడికే తెలుస్తుంది.

ఈ లోపు పాస్టరు శ్యామ్‌సుందర్ గారికి ఒక ఆలోచన వచ్చింది.

వాట్సాప్ ఇంకా మన ఆంటీల చేతికి చిక్కని రోజులవి. చలికాలం వచ్చి మంచు పడితే చుట్టుపక్కల ఊళ్ల జనం ఎక్కడివాళ్లక్కడే, కాంటన్ వాళ్లు కాంటన్‌లో, నోవై వాళ్లు నోవైలో. ఆదివారం దాటితే ఒకరి మంచిచెడ్డలు ఒకరికి తెలియవు. బ్రహ్మయ్య గారు ఆసుపత్రిలో పడుకుని తిరిగి ఇంటికొచ్చాక గానీ సంగతి పాస్టరు గారికి తెలియలేదు. పాపం, ఆయన నిజంగానే బాధపడ్డారు. మనవాళ్లందరూ ఫేస్‌బుక్‌లో లోకస్థులతో కలిసి ఉంటున్నారు, మనలో మనం కలిసి ఉండటానికి మనకంటూ సొంతంగా అలాంటి సైటు ఒకటి ఉండొద్దా అన్నారు. బయటివాళ్లకి కనపడకూడదు, సంఘంలో పేరున్నవాళ్లకే తలుపు తెరుచుకోవాలి. దానికి 'సహవాసం' అని పేరు పెట్టారు. పని వినీత్‌కి పెట్టారు.

కమిటీ కూర్చుంది. లైక్ బటన్ దగ్గర ఇరుక్కుంది. లైక్ అనేది లోకం మాట అన్నారు బ్రహ్మయ్య గారు. దాని బదులు 'ఆమెన్' అని పెట్టమన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. మరి పొరపాటున నొక్కితే వెనక్కి తీసుకునే వీలు ఉండాలి కదా అని వినీత్ అడిగాడు. దేవుడి ఎదుట ఒకసారి పలికిన ఆమెన్ వెనక్కి తీసుకోవడం ఏ సంఘంలోనైనా ఉందా అని ఆయన ఎదురడిగారు. లేదు. కాబట్టి ఆ వీలు పెట్టలేదు. చివర్లో ఇంకో తీర్మానం చేశారు. ఎవరి పేరు కనపడినా దాని ముందు బ్రదర్ అనో సిస్టర్ అనో దానంతట అదే రావాలి. 'సిస్టర్ దేదీప్య' అని తన చేత్తో తానే ప్రోగ్రాం రాసుకున్న రోజున వినీత్ భోజనం చేయలేదు.

సహవాసం మొదలైంది. మొదటి వారంలోనే సంఘమంతా అందులో చేరిపోయింది. ప్రార్థన మనవులు వెల్లువెత్తాయి. నోవైలో ఇల్లు కొనుక్కున్న శ్రీధర్ గారు ఇలా రాశారు: "మా కొత్త ఇంటి నిమిత్తం ప్రార్థించండి. ఐదు బెడ్‌రూములు, ఫినిష్డ్ బేస్‌మెంట్. ఇంత ఇల్లు ఊడ్చుకునే బలం దేవుడు మా మిసెస్‌కి దయచేయాలి." కింద ఇంటి ఫొటోలు, వంటగది ఫొటోలు, వంటగదిలో మిసెస్ ఫొటోలు. మనీషా గారు తమ పాప స్కూలంతటికీ ఫస్ట్ వచ్చిందనీ, ఆ చిన్న మనసులో గర్వం చొరబడకుండా అందరూ మోకరించాలనీ కోరారు. ఇంకొకావిడ, పేర్లు చెప్పడం ప్రేమ అనిపించుకోదు గనుక చెప్పననీ, కానీ పోయిన ఆదివారం చిప్స్ ప్యాకెట్టుతో వచ్చి మటన్ డబ్బా నింపుకుని వెళ్లిన ఒక కుటుంబం గురించి తన హృదయం చాలా భారంగా ఉందనీ రాశారు. దాని కింద ఆమెన్లు చూస్తే ఆ కుటుంబానివి తప్ప అందరివీ ఉన్నాయి.

అదే రోజు బ్రహ్మయ్య గారు తమ మోకాలి నొప్పి గురించి ఒక్క ముక్క రాసుకున్నారు. ఐదు బెడ్‌రూముల ధాటికి ఆ మోకాలు అడుగున పడిపోయింది. ఒక్క ఆమెన్ కూడా రాలేదు.

ఆయన మరుసటి ఆదివారం చర్చికి రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. కాంటన్‌లో ఇంకో సంఘం పెట్టుకున్నవాళ్లు ఆయనింటికి పళ్లు పట్టుకెళ్లారని తెలిసింది. పాస్టరు గారు హడలిపోయారు. మళ్లీ చీలిక, అదీ మోకాలి మీద. వినీత్‌ని పక్కకు పిలిచి, సహవాసంలో ఎవరి మనవీ ఆమెన్ లేకుండా ఉండిపోకూడదు నాయనా, ఏదో ఒకటి చెయ్యి అన్నారు. ఏం చేస్తావని ఆయన అడగలేదు. ఏం చేయబోతున్నాడో ఇతనూ చెప్పలేదు.

వినీత్ ఇంటికెళ్లి చిన్న ప్రోగ్రాం రాశాడు. సంఘంలో ఎవరు ప్రార్థన మనవి పెట్టినా, పెట్టిన మరుక్షణం, బ్రదర్ వినీత్ పేరు మీద దాని కింద ఒక ఆమెన్ పడుతుంది. అతను మీటింగ్‌లో ఉన్నా, నిద్రలో ఉన్నా, కారుకి పెట్రోలు కొట్టిస్తున్నా సరే. అప్పటిదాకా ఆమెన్ లేకుండా ఉండిపోయిన పాత మనవులకు కూడా, బ్రహ్మయ్య గారి మోకాలితో సహా, ఒక్కొక్కటి పడింది. పని అయిపోయిందనుకుని దాని సంగతే మరిచిపోయాడు.

సంఘం మరిచిపోలేదు. పొద్దున్న పెట్టినా, అర్ధరాత్రి పెట్టినా ముందు పడే ఆమెన్ ఎవరిది? వినీత్‌ది. ఈ పిల్లాడు ఎప్పుడు నిద్రపోతాడు, ఎప్పుడు తింటాడు అని ఆంటీలు ఆశ్చర్యపోయారు. బ్రహ్మయ్య గారు కుంటుకుంటూ తిరిగొచ్చి వినీత్ తల మీద చెయ్యి పెట్టారు. 'ప్రార్థనాపరుడు' అన్న పేరు వచ్చేసింది. చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడి ఒకరి తర్వాత ఒకరు ప్రార్థించేటప్పుడు, తన వంతు రాగానే పక్కవాడి చెయ్యి నొక్కి తప్పించుకునే మనిషికి ఈ బిరుదు. పైకి నోరు తెరిచి ప్రార్థించడం అతని వల్ల ఎప్పుడూ కాలేదు. అది కూడా వినయం కిందే లెక్క వేశారు.

అంతటితో ఆగినా బాగుండేది. ఒకరోజు దేదీప్య వాళ్ల అమ్మకి ఒంగోల్లో కంటి ఆపరేషన్ అయింది. ఆ రోజంతా దేదీప్య యూనివర్సిటీ లైబ్రరీలో ఫోన్ పట్టుకుని ఒంటరిగా కూర్చుంది. సహవాసంలో రెండు వాక్యాలు రాసింది. వెంటనే ఆమెన్ పడింది. తర్వాతి శనివారం ఆ సంగతి ఎత్తి, నువ్వున్నావని ధైర్యం వచ్చింది అంది. 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది ఆ రోజే.

"అందరి కోసం నిజంగా ప్రార్థన చేస్తావా?" అని అడిగింది.

చెప్పేయాల్సింది. చెప్పడానికి నోరు కూడా తెరిచాడు. ఎదురుగా ఆ కళ్లు తడిగా, అంత నమ్మకంగా చూస్తున్నాయి.

"వీలైనంత వరకు," అన్నాడు.

ఆ మాటకి దేదీప్య ముఖం విప్పారింది. వినీత్ ఇంకో పకోడీ నోట్లో కుక్కుకున్నాడు. ఇక ఈ పిల్లకి ప్రేమ సంగతి చెప్పాలంటే ముందు ఈ అబద్ధం సంగతి చెప్పుకోవాలి. రెండూ ఒకేసారి చెప్పే దమ్ము లేక రెండూ వాయిదా వేసుకుంటూ పోయాడు.

అలా రోజులు దొర్లుతుండగా ఒక మధ్యాహ్నం ఆఫీసులో లంచ్ చేస్తూ సహవాసం తెరిచి చూశాడు.

సిస్టర్ జ్ఞానప్రసూన మనవి పెట్టింది. తన అక్క కూతురు దేదీప్యకు రెడ్‌మండ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న రాజీవ్‌తో సంబంధం వచ్చిందట. అబ్బాయి వచ్చే ఆదివారమే అమ్మాయిని చూడ్డానికి వస్తున్నాడట. దేవుడి చిత్తమైతే ఈ పెళ్లి స్థిరపడాలని అందరూ ప్రార్థించాలట.

దాని కింద మొట్టమొదటి ఆమెన్: బ్రదర్ వినీత్.

వెనక్కి తీసుకునే బటన్ లేదు, నిజమే. కానీ కట్టినవాడు తనే కదా. లోపలికి దూరి ఆ ఒక్క ఆమెన్‌ని తుడిచేశాడు. హమ్మయ్య అనుకునేలోపు ఫోన్ మోగింది. జ్ఞానప్రసూన.

"నాయనా వినీత్, నీ ఆమెన్ పోయింది. ఇందాక నా కళ్లతో చూశాను, ఇప్పుడు లేదు. దేవుడు నీకేమన్నా బయలుపరిచాడా? పిల్లాడిలో ఏదన్నా లోపం ఉందా?"

ఆవిడ గొంతు వణుకుతోంది. ఆసుపత్రి కారిడార్‌లో నిలబడి మాట్లాడుతోందేమో, వెనక మైకులో ఎవరినో పిలుస్తున్నారు. వినీత్‌కి ఆవిడ మీద జాలేసింది. లేదు ఆంటీ, సైట్‌లో ఏదో ప్రాబ్లమ్, ఇప్పుడే సరిచేస్తాను అన్నాడు. తన వేలితో తానే మళ్లీ ఆమెన్ వేశాడు. తన ప్రేమ పీక ఇలా తన వేలితోనే నొక్కాల్సి వచ్చినవాడు ట్రాయ్ మొత్తంలో ఇంకొకడు ఉండడు.

ఆ శనివారం దేదీప్య స్లైడ్లు చూడలేదు. పిన్ని డ్యూటీలో ఉంది. తలుపు తీసి గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడింది.

"ఈ సంబంధం సంగతి నాక్కూడా తెలియకముందే నీ ఆమెన్ పడింది. సరే అనుకున్నాను. తర్వాత తీసేశావు. అప్పుడు నేనేమనుకున్నానో తెలుసా? ఇన్నాళ్లకి ఈ మనిషి నోరు తెరిచాడు అనుకున్నాను. ఐదు నిమిషాల్లో మళ్లీ వేశావు."

"దేదీప్యా, అది..."

"వేశావా లేదా?"

"వేశాను. కానీ..."

"నువ్వంత భక్తిగా కోరుకుంటున్నావు గనక రేపు ఆయన్ని చూసి సరే అనేస్తాను. వెళ్లు."

తలుపు వేసుకుంది. బయట వాన జల్లు పడుతోంది. వినీత్ లాప్‌టాప్‌ని చొక్కా కింద దాచుకుని కారు దాకా నడిచాడు. ఆ రోజు వానలో అతనికి అందమేమీ కనపడలేదు.

ఆదివారం వచ్చింది, రాజీవ్ కూడా వచ్చాడు. చెడ్డవాడైతే తిట్టుకోవచ్చు. ఆ వీలు కూడా లేకుండా నవ్వు ముఖంతో, అందరికీ వందనాలు చెబుతూ, కుర్చీలు సర్దడానికి చెయ్యి కూడా వేశాడు. జ్ఞానప్రసూన పట్టుచీర కట్టుకుంది. దేదీప్య పాట పాడింది గానీ తెర దగ్గర కూర్చున్నవాడి వైపు చూడలేదు.

ప్రసంగం అయ్యాక పాస్టరు గారు, మన మధ్య ఒక శుభకార్యం తలపెట్టారు, దాని కోసం మన సంఘంలో అందరికన్నా ప్రార్థనాపరుడైన తమ్ముడు ముందుకొచ్చి ప్రార్థన చేస్తాడు అని ప్రకటించారు. అందరి తలలూ ప్రొజెక్టర్ వైపు తిరిగాయి. పక్కవాడి చెయ్యి నొక్కుదామంటే వినీత్ పక్కన ఎవరూ లేరు.

లేచి వెళ్లి మైకు ముందు నిలబడ్డాడు. అందరూ కళ్లు మూసుకున్నారు. అతను మూసుకోలేకపోయాడు. ముందు వరసలో బ్రహ్మయ్య గారు, పాపం మోకాలి మీద చెయ్యి వేసుకుని కూర్చున్నారు. జ్ఞానప్రసూన పెదవులు కదుపుతోంది. వీళ్లందరి మంచితనాన్నీ తాను ఒక ముక్క ప్రోగ్రాంతో మోసం చేశాడు. ఇప్పుడింకో అబద్ధం చెబితే ఈ అమ్మాయి జీవితాంతం అందులోనే ఉండాలి.

"అయ్యగారూ, నేను ప్రార్థన చేయలేను," అన్నాడు.

కళ్లు తెరుచుకున్నాయి.

"సహవాసంలో నా పేరు మీద పడే ఆమెన్లు నేను వేసేవి కావు. అది ప్రోగ్రాం. మీరు పోస్ట్ పెట్టగానే అదే వేస్తుంది. నేను చాలావరకు చదవను కూడా."

బ్రహ్మయ్య గారు, ఏమన్నాడు ఏమన్నాడని పక్కవాణ్ణి అడిగారు. పక్కాయన ఆయన చెవిలో గట్టిగా చెప్పాడు. ఆయన మెల్లగా లేచి నిలబడ్డారు.

"నా మోకాలికి వేసింది కూడా మిషనేనా?"

"అవునండీ."

"నాకు తగ్గింది కదయ్యా మరి."

అందరూ పాస్టరు గారి వైపు చూశారు. ఆయన తన బైబిలు వైపు చూసుకున్నారు. వినీత్ మైకు వదలలేదు.

"అన్నీ దానివే. ఒక్కటి మాత్రం నేనే వేశాను. ప్రసూన ఆంటీ మనవికి మొదట ప్రోగ్రాం వేస్తే తీసేశాను, ఆంటీ భయపడితే చేతకాక మళ్లీ వేశాను. ఆ ఒక్కటీ వెనక్కి తీసుకోవాలి. ఆ పెళ్లి జరగకూడదని నేను రోజూ దేవుణ్ణి అడుగుతున్నాను. నాకు దేదీప్య అంటే ఇష్టం. చాలా రోజుల నుంచి."

పేరు ముందు సిస్టర్ లేకపోవడం ఆడవాళ్ల వైపు అందరికీ వినపడింది. మనీషా గారు పక్కావిడ చెయ్యి గిల్లారు. రాజీవ్ ఒకసారి వినీత్‌ని, ఒకసారి దేదీప్యని చూసి, కుర్చీలో వెనక్కి జారగిలబడ్డాడు.

దేదీప్య పాడేవాళ్ల వరసలో లేచి నిలబడింది. మైకు లేకుండానే అడిగింది.

"మా అమ్మ ఆపరేషన్ రోజు కూడా ప్రోగ్రామేనా?"

ఈ ఒక్కదానికైనా అబద్ధం చెప్పమని అతని ప్రాణం గిలగిల్లాడింది.

"అవును. ఆమెన్ అదే వేసింది. నేను సాయంత్రం గానీ చూడలేదు. చూశాక ప్రార్థన చేశాను. అది నువ్వు నమ్ముతావని నేనేమీ అనుకోవడం లేదు."

ఆమె పాటల కాగితాలు కుర్చీ మీద పెట్టి మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఆ ఆదివారం బిర్యానీ ఎవరికీ సహించలేదు. శ్రీధర్ గారు మాత్రం రెండోసారి పెట్టించుకున్నారు. పాస్టరు గారు వినీత్‌ని పక్కకు తీసుకెళ్లి, తప్పులో సగం నాది, ఎలా చేస్తావని అడిగి ఉండాల్సింది అన్నారు. రాజీవ్ ఎయిర్‌పోర్టుకి బయల్దేరే ముందు వచ్చి చెయ్యి కలిపాడు.

"బ్రదర్, కనీసం ఒక ఫిల్టర్ పెట్టుకోవాల్సింది. పోస్ట్‌లో ఆ అమ్మాయి పేరుంటే ఆమెన్ పడకుండా. చిన్న పని."

"తట్టలేదండి."

"మా ఆఫీసులో అయితే తట్టేది," అని నవ్వి వెళ్లిపోయాడు. పోతూ పోతూ జ్ఞానప్రసూనతో, అమ్మాయి ఆ కుర్రాడి మీద అంత కోపంగా ఉందంటే నేను మధ్యలో ఉండటం అనవసరం ఆంటీ అని చెప్పాడట.

ఆ వారం సహవాసంలో ఒక్కరూ ఒక్క మనవీ పెట్టలేదు. ఏ ఆమెన్ మనిషిదో ఏది మిషన్‌దో ఎవరికి తెలుసు? కడుపులో ఉన్నది ఎవరితోనైనా చెప్పుకోవాలంటే ఇక ఫోన్ చేయక తప్పలేదు. ముందు వినీత్‌ని తిట్టుకోవడానికి ఒకరికొకరు ఫోన్లు చేసుకున్నారు. తిట్టడం అయ్యాక, ఇంతకీ మీ ఇంట్లో అందరూ ఎలా ఉన్నారు అన్నారు. బ్రహ్మయ్య గారింటికి వారమంతా మనుషులే మనుషులు. నొప్పి తగ్గిందన్నా వినకుండా ఒకరు నూనె తెచ్చారు, ఒకరు మోకాలి పట్టీ తెచ్చారు. చిప్స్ ప్యాకెట్టు కుటుంబం మటన్ వండి తెచ్చింది. పాస్టరు గారు ఎన్నాళ్లుగానో కోరుకున్న సహవాసం అలా కుదిరింది, కట్టినవాణ్ణి తిట్టడం కోసం.

వినీత్ మాత్రం ఎవరి ఫోనూ ఎత్తలేదు. ప్రోగ్రాం తీసేశాడు. ఆఫీసు, ఇల్లు. దేదీప్యకి ఈమెయిల్ రాద్దామని కూర్చుని, తను పంపేది ఏదీ ఆమె ఇక నమ్మదని గుర్తొచ్చి లేచిపోయేవాడు. ఆ బాధ తట్టుకోలేక ఒకరోజు బాత్‌రూంలో కుళాయి తిప్పుకుని ఏడ్చాడు.

శనివారం పొద్దున్నే జ్ఞానప్రసూన వచ్చి అతని అపార్ట్‌మెంట్ తలుపు కొట్టింది. యూనిఫారంలోనే ఉంది. నైట్ డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టుంది. లోపలికి రమ్మంటే రాలేదు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రమ్మంది.

"ఆంటీ, ఏ ముఖం పెట్టుకుని రాను?"

"ఉన్న ముఖమే పెట్టుకుని రా. అది వారం నుంచి నిన్ను తిడుతూనే ఉంది. లేస్తే తిట్టు, కూర్చుంటే తిట్టు. నేను నర్సుని నాయనా, లక్షణాలు చూస్తే తెలియదా? ఇన్నాళ్లూ నా టేబుల్ మీదే జరుగుతుంటే చూడలేదు, నా కళ్లకే ఆపరేషన్ చేయించుకోవాలి. కానీ నేను సరే అంటే సరిపోదు. దాన్ని నువ్వే ఒప్పించుకోవాలి."

వెళ్లాడు. అదే డైనింగ్ టేబుల్. గోంగూర మాంసం, పప్పుచారు, అప్పడాలు. దేదీప్య ఎదురుగా కూర్చుని కంచం వంకే చూస్తోంది. జ్ఞానప్రసూన వడ్డించి కూర్చుని, వినీత్, భోజన ప్రార్థన నువ్వు చెయ్యి అంది. పైకి చెయ్యి, మాకు వినపడాలి అని కూడా అంది.

అతను కళ్లు మూసుకున్నాడు. ఫ్రిజ్ చప్పుడు వినపడుతోంది.

"ప్రభువా," అన్నాడు. "ఈ భోజనానికి వందనాలు. ఆంటీకి వందనాలు. నాకు ప్రార్థన చేయడం రాదు. వచ్చినట్టు అందరినీ నమ్మించాను, క్షమించు. దేదీప్య వాళ్ల అమ్మకి కళ్లు బాగా కనపడేలా చెయ్యి. ఆ రోజు లైబ్రరీలో తను ఒక్కతే కూర్చుంది, నేను లేను. ఇకమీదట ఎప్పుడైనా తను అలా కూర్చుంటే పక్కన నేనుండేలా చెయ్యి. తనకి ఇష్టమైతేనే. ఇష్టం లేకపోతే... లేకపోయినా తను బాగుండాలి. ఆమెన్."

అతను భయపడుతూ కళ్లు తెరిచాడు. జ్ఞానప్రసూన ఇంకా కళ్లు మూసుకునే ఉంది, చెంపల మీద నీళ్లు కారుతున్నాయి. దేదీప్య మాత్రం రెండు కళ్లూ తెరుచుకుని అతని ముఖంలోకే చూస్తోంది. మొదటి నుంచీ చూస్తూనే ఉన్నట్టుంది.

"కళ్లు మూసుకోలేదా?" అన్నాడు.

"ఎలా మూసుకుంటాను? అడుగుతున్నది మనిషో మిషనో చూసుకోవద్దూ?"

"చూశావా మరి?"

ఆమె గోంగూర గిన్నె దగ్గరకు లాక్కుని అతని కంచంలో ఒక గరిటె వేసింది. ఆగి, ఇంకో గరిటె వేసింది.

"రేపు పొద్దున్న మా అమ్మకి ఫోన్ చెయ్యి," అంది. "నువ్వే మాట్లాడాలి."